వంట లేని రెండు రోజులు

'సెలవుల్లో ఎక్కడికెళ్ళారండీ?' అని ఏ ఇల్లాలినైనా అడిగి చూడండి. పుట్టింటికి అంటుంది, ఆడపడుచు ఇంటికి అంటుంది, లేదంటే తిరుపతికో అన్నవరానికో అంటుంది. పుట్టింటికెళితే అమ్మకి సాయం చెయ్యకుండా కూర్చోలేం. ఆడపడుచు ఇంట్లో వంటింటి గుమ్మం తొక్కకపోతే బావుండదు. పుణ్యక్షేత్రమంటారా, తెల్లారుజామున మూడింటికి లేచి అందరికంటే ముందు మన స్నానం, ఆ తర్వాత పిల్లల స్నానాలు, తడిబట్టలు, పులిహోర పొట్లాలు! ఊరు మారుతుంది, పొయ్యి మారుతుంది, పని మాత్రం మారదు. సెలవులు పిల్లలకి, మగవాళ్ళకి. మనకి వంటిల్లు బదిలీ అయిందంతే.

ఇది ఊరికే నిష్ఠూరానికి అంటున్న మాట కాదు. ఎవరెవరు ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో కేంద్ర ప్రభుత్వం 2024లో దేశమంతటా సర్వే చేయించింది. ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికోసం రోజుకి సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారట. అంటే దగ్గర దగ్గర అయిదు గంటలు. ఇంటిపనిలో చెయ్యి పెట్టే మగవాళ్ళు వెచ్చించేది 88 నిమిషాలు. అదే సర్వే 2019లో చేసినప్పుడు మనది 299, వాళ్ళది 97. అయిదేళ్ళలో మనకి పది నిమిషాలు తగ్గిందని సంతోషించేలోపు వాళ్ళకీ తొమ్మిది తగ్గింది!

అందుకే సంక్రాంతి అరిసెలు, జంతికలు, వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు అన్నీ అయ్యాక ఇంట్లో ఒక మాట అనేశాను. "రెండు రాత్రులు హోటల్లో ఉందాం. గుడికీ కాదు, పెళ్ళికీ కాదు. ఊరికే."

ఆ 'ఊరికే' దగ్గరే వచ్చింది చిక్కంతా.

కొబ్బరిచెట్లు చూడ్డానికి డబ్బులా?

మాది తణుకు. నేను వెళదామన్నది కోనసీమలోని దిండికి. "ఊటీ అంటే సరేగానీ, ఇక్కడికిక్కడ దిండి ఏమిటి?" అన్నారు మావారు. "కొబ్బరిచెట్లు చూడ్డానికి డబ్బులివ్వాలటే అమ్మాయ్? దొడ్లో నాలుగున్నాయి, కుర్చీ వేసుకుని చూసుకో" అన్నారు అత్తయ్యగారు. ఎదురింటి పిన్నిగారైతే, "ఆ డబ్బుతో కాస్త బంగారం కొనుక్కుంటే పడుంటుంది కదమ్మా" అని సలహా ఇచ్చారు. నిజమే, బంగారం పడుంటుంది. దాంతోపాటు మనమూ ఇక్కడే పడుంటాం!

ఖర్చు తక్కువేం కాదు. రెండు గదులు, రెండు రాత్రులు, అయిదుగురి తిండి కలిపితే మా ఇంటికి రెండు నెలల సరుకుల ఖర్చు. నేను వేసిన చీటీ పాడి ఆ డబ్బు తెచ్చాను. పండగల్లో, లాంగ్ వీకెండ్లలో గదులు దొరకడమే కష్టం, దొరికినా అద్దె ఎక్కువ. పండగ అయ్యాక వారం మధ్యలో వెళితే కాస్త తగ్గింది.

ఒక్క షరతు మాత్రం గట్టిగా పెట్టాను. గిన్నె, ఎలక్ట్రిక్ కుక్కరు, ఆవకాయ సీసా, పెరుగు డబ్బా... ఏదీ బండెక్కడానికి వీల్లేదు. మన సంగతి మనకి తెలుసుగా! ఒక్క కుక్కరు వెంట వచ్చిందంటే చాలు, "ఎలాగూ తెచ్చావు కదా, కాస్త అన్నం పడేయ్, హోటల్ అన్నం పడదు నాకు" అంటారు. ఆ తర్వాత రసం, ఆ తర్వాత వేపుడు. అక్కడితో సెలవు అయిపోయినట్టే.

వశిష్ఠ ఒడ్డున

పాలకొల్లు దాటి చించినాడ వంతెన ఎక్కితే కింద వశిష్ఠ గోదావరి. వంతెన దిగగానే కోనసీమ. దిండి అక్కడే, మలికిపురం మండలంలో. 2022లో జిల్లాలు విడదీశాక ఇదంతా డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా కిందికి వచ్చింది గానీ, మా పెద్దవాళ్ళకి ఇప్పటికీ ఏటికి ఇవతల పశ్చిమ, అవతల తూర్పే.

ధవళేశ్వరం దగ్గర గోదారి గౌతమిగా, వశిష్ఠగా చీలుతుంది. వశిష్ఠలోంచి మళ్ళీ వైనతేయ విడిపోతుంది. ఈ పాయల మధ్య నేలే కోనసీమ. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టా పచ్చబడిందని చిన్నప్పుడు పాఠంలో చదువుకున్నాం. కిటికీలోంచి చూస్తుంటే పిల్లలకి ఆ పాఠం మళ్ళీ చెప్పాల్సిన పనే లేకపోయింది.

మేం దిగిన రిసార్టులో గది ముందు చిన్న వరండా, వరండా ముందు గడ్డి, గడ్డి దాటితే ఏరు. నిజానికి అక్కడ చూడ్డానికి ఏముందంటే ఏమీ లేదు. విశాలంగా నీళ్ళు, అవతలి ఒడ్డున గీత గీసినట్టు కొబ్బరితోటలు, అప్పుడప్పుడూ ఒక వేట పడవ. పొద్దున చూసినప్పుడు గుర్రపుడెక్క సముద్రం వైపు కొట్టుకుపోతోంది. మధ్యాహ్నానికి అదే గుర్రపుడెక్క ఎదురు వస్తోంది! మా అబ్బాయి కంగారుపడి పిలిచాడు. "పోటురా. సముద్రం పోటెక్కితే ఏరు వెనక్కి నడుస్తుంది. పాటుకి మళ్ళీ కిందికి పోతుంది" అన్నారు అత్తయ్యగారు. ఆవిడ నరసాపురం పక్క పల్లెటూళ్ళో పుట్టి పెరిగారు. ఆ మాట ఆవిడ నోట నేను వినడం అదే మొదటిసారి. ఇరవై ఏళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నాం గానీ, ఇంట్లో మా మాటలన్నీ పాలు, కూరలు, ఇస్త్రీబట్టల చుట్టూనే కదా.

ఇంత అందం చూస్తూ ఒకటి మాత్రం మర్చిపోకూడదు. 1996 నవంబరు 6న వచ్చిన తుపానుకి ఈ కోనసీమలో లెక్కలేనన్ని కొబ్బరిచెట్లు కూలిపోయాయి, ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. అంతకు ముందు ఏడాది, 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. మనం రెండు రోజులు చూసి 'ఆహా' అనుకునే చోట ఏళ్ళ తరబడి కాపురం ఉండడం అంత తేలిక కాదు.

"పక్కలు మీరు సర్దేస్తే నాకేం పనండీ?"

మొదటి రోజు పొద్దున్నే టిఫినుకి వెళ్ళాం. ఇడ్లీ, పెసరట్టు, ఉప్మా, కొబ్బరి పచ్చడి. తినడం అయ్యాక అత్తయ్యగారు ప్లేటు చేత్తో పట్టుకుని లేచారు. ఎక్కడికని అడిగితే "కడిగి పెడతానే, ఎంగిలి కంచం వదిలేసి ఎలా లేస్తాం?" అన్నారు. ఆవిడకి డెబ్బై రెండేళ్ళు. పెళ్ళిళ్ళలో విస్తరి వదిలి లేవడం తెలుసు. కానీ ఒక మామూలు రోజున, మామూలు టిఫిను తిని, కంచం బల్లమీద వదిలేసి రావడం ఆవిడకి తెలియదు.

గదికి తిరిగొచ్చేసరికి దుప్పట్లు మడతలుపెట్టి, తలగడలు వరసలో, స్నానాలగది నేల తుడిచి ఉంది. శుభ్రం చెయ్యడానికి వచ్చినావిడ గుమ్మంలోనే ఆగిపోయి నవ్వేసింది. "ఏవండీ అమ్మగారూ, పక్కలు మీరే సర్దేస్తే నాకేం పనండీ?"

"వయసొచ్చిందమ్మా, ఊరికే కూర్చుంటే తోచదు" అన్నారు అత్తయ్యగారు.

ఇద్దరూ మాటల్లో పడ్డారు. ఆవిడది పక్క ఊరే. అయిదేళ్ళు కువైట్లో ఒక ఇంట్లో పనిచేసి వచ్చిందట. రాజోలు, మలికిపురం చుట్టుపక్కల ఇది కొత్త కథేం కాదు. కువైట్, ఖతర్, బహ్రెయిన్, మస్కట్... ఈ పేర్లు ఇక్కడ పక్క ఊళ్ళ పేర్లలాగే వినిపిస్తాయి. ఆడవాళ్ళు ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళి పంపిన డబ్బుతో ఇళ్ళు లేచాయి, పిల్లల చదువులు సాగాయి. పదో తరగతి కూడా చదవని ఆడవాళ్ళు అక్కడికి ఇంటిపనికి వెళ్ళాలంటే ముప్ఫై ఏళ్ళు నిండాలని మన ప్రభుత్వం నియమం పెట్టింది. మోసాలు ఎక్కువవడం వల్లే ఆ కట్టడి.

"అక్కడ సెలవుండేదా?" అని అడిగాను.

"మొదటి రెండేళ్ళూ లేదండీ. తర్వాత శుక్రవారం సగంపూట ఇచ్చేవారండీ. ఆ సగంపూటా ఫోన్లో ఇంటికి మాట్లాడుకునేదాన్నండీ. ఇక్కడ వారానికో రోజు ఇస్తారండి. ఆ రోజు ఇంట్లో బట్టలన్నీ ఉంటాయి కదండీ."

చెప్పొద్దూ, నా సెలవు నాకు కాస్త బరువుగానే అనిపించింది. మనం ఒక పూట కంచం కడగకుండా కూర్చోవాలంటే దాన్ని ఇంకో ఆడమనిషి కడగాలి. అందుకని సెలవులే మానుకోవాలా? అలా అనను. ఆవిడ మాటే చూడండి, ఆవిడకి కావలసింది మనం పక్కలు సర్దిపెట్టడం కాదు. జీతం, వారానికో సెలవు, ఆ సెలవు రోజున ఇంట్లో బట్టలకి ఇంకో చెయ్యి. ఆ మూడోది ఏ యజమానీ ఇవ్వలేడు, ఇంట్లోవాళ్ళే ఇవ్వాలి.

తీర్థానికి బయల్దేరి వెనుదిరిగిన సీతమ్మగారు

రెండో రోజు అంతర్వేది వెళ్ళాం. గుడికి కాదన్నాను గానీ, అంతదూరం వచ్చి లక్ష్మీనరసింహస్వామి దర్శనం కాకుండా అత్తయ్యగారు కదులుతారా? 2020 సెప్టెంబరులో ఇక్కడి రథం కాలిపోయింది. మరుసటి ఏడాది కల్యాణం నాటికి కొత్త రథం చేయించారు. భీష్మ ఏకాదశి తీర్థం ఇంకా రాలేదు కాబట్టి జనం పల్చగా ఉన్నారు.

గుడి దాటి వెళితే వశిష్ఠ సముద్రంలో కలిసేచోటు. అన్నాచెల్లెళ్ళ గట్టు అంటారు అక్కడ. ఏటినీళ్ళు ఒక రంగు, సముద్రపు నీళ్ళు ఒక రంగు. ఆ గట్టు మీద నిలబడి ఉంటే అత్తయ్యగారు డొక్కా సీతమ్మగారి కథ ఎత్తుకున్నారు.

సీతమ్మగారిది లంకల గన్నవరం. 1841లో పుట్టి 1909 దాకా బతికిన ఇల్లాలు. వేళాపాళా లేకుండా ఎవరొచ్చినా, ఏ కులం వారైనా, అన్నం పెట్టి పంపిన తల్లి. గన్నవరం దగ్గర వైనతేయ మీద కాలవని దాటించే కొత్త అక్విడక్టుకి ఆవిడ పేరే పెట్టారు. 2024 నుంచి మన రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆవిడ పేరే. ఆవిడ ఒకసారి అంతర్వేది స్వామి దర్శనానికి బయల్దేరారట. దారిలో ఆకలితో వస్తున్న పెళ్ళివారు కొందరు, "ఇంకాస్త దూరం ఓర్చుకోండి, సీతమ్మగారి ఇంటికి చేరితే అన్నం దొరుకుతుంది" అని పిల్లల్ని ఊరడించడం ఆవిడ చెవిన పడింది. అంతే, తీర్థం మానుకుని వెనక్కి తిరిగి, వాళ్ళకంటే ముందు ఇల్లు చేరి పొయ్యి వెలిగించారని ఈ సీమలో చెప్పుకుంటారు.

చిన్నప్పట్నుంచీ విన్న కథే. ఎప్పుడు విన్నా చేతులు జోడించాలనిపిస్తుంది. కానీ మా అమ్మాయి ఒక ప్రశ్న వేసింది. "మరి ఆవిడ మళ్ళీ ఎప్పుడైనా అంతర్వేది వచ్చారా నాయనమ్మా?"

అత్తయ్యగారు కాసేపు ఆలోచించి, "ఏమోనే, అది ఎవరూ చెప్పలేదు" అన్నారు.

అన్నం పెట్టిన చెయ్యిని అందరం తలుచుకుంటాం. ఆ చెయ్యి గలావిడ దర్శనం సంగతి అడగాలని మాత్రం మనకి తోచదు. సీతమ్మగారిది మహాత్యాగం, అది ఆవిడ మనసారా ఎంచుకున్నది. ఆ కథ పేరు చెప్పి ప్రతి ఇల్లాలూ ప్రతి ప్రయాణంలోనూ సగంలోంచి వెనక్కి తిరగాలనుకోవడం మాత్రం న్యాయం కాదు.

తీరిక పనట!

అంతర్వేది నుంచి సఖినేటిపల్లి రేవుకొచ్చి, పంటు మీద ఏరు దాటి నరసాపురం వెళ్ళాం. కారు కూడా పంటెక్కేసింది, పిల్లలకి అదో సరదా. నరసాపురం అనగానే మనకి గుర్తొచ్చేది లేసు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీ దంపతులు నేర్పిన ఈ క్రోషా అల్లిక గోదావరి డెల్టా పల్లెల్లో ఇంటింటికీ పాకింది. ఇక్కడ అల్లిన బల్లగుడ్డలు, దిండు గలేబులు విదేశాల ఇళ్ళకీ హోటళ్ళకీ ఓడలెక్కి వెళ్ళాయి. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఒక దుకాణంలో అత్తయ్యగారు చిన్న బల్లగుడ్డ చేతిలోకి తీసుకుని, వేలితో తడుముతూ ఆగిపోయారు. "ఈ పువ్వు నేనూ అల్లాను" అన్నారు. పదకొండో ఏట సూది పట్టారట. దారం ఏజెంటు తెచ్చిచ్చేవాడు, కండె అయిపోతే ఇంతని కూలి. పెళ్ళయ్యేదాకా అల్లారు. ఆ అల్లినవి ఎక్కడికి వెళ్ళేవో, ఎంతకి అమ్ముడుపోయేవో ఆవిడకి తెలియదు.

నాకు మారియా మీస్ పుస్తకం గుర్తొచ్చింది. జర్మనీకి చెందిన ఈ సామాజిక శాస్త్రవేత్త ఇక్కడి పల్లెల్లో తిరిగి, నరసాపురం లేసు పనివారి మీద 1982లో పుస్తకం వేశారు. వీళ్ళందరూ రోజుకి గంటలకొద్దీ అల్లుతున్నా ఎవరూ వీళ్ళని కార్మికులుగా లెక్కపెట్టలేదనీ, 'ఇంట్లో కూర్చున్న ఆడవాళ్ళు తీరిక వేళ చేసుకునే పని' అనే పేరుతోనే కూలి అంత తక్కువ ఇవ్వగలిగారనీ ఆవిడ రాశారు. ఈ సంగతి అత్తయ్యగారికి చెప్పాను.

"తీరికా?" అన్నారు ఆవిడ. "పొద్దున దూడల పని, వంట, చెరువు నీళ్ళు. రాత్రి పొయ్యి ఆర్పాక బుడ్డిదీపం ముందు అల్లేవాళ్ళం. అమ్మ కళ్ళు అలాగే పాడయ్యాయి. తీరికగా అల్లిందెవరే?"

ఆ బల్లగుడ్డ కొంటానంటే వద్దన్నారు. "బోలెడు అల్లాను. ఇక చాలు."

ఆ సాయంత్రం దిండికి తిరిగొచ్చాక ఆవిడ ఏటి ఒడ్డున కుర్చీలో కూర్చున్నారు. జపమాల లేదు, వత్తులు చేసుకునే దూది లేదు, చిక్కుళ్ళ ఈనెలు తీసే పళ్ళెం లేదు. మొదట్లో చేతులు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు పైటకొంగు సర్దుకుంటూ ఉన్నారు. తర్వాత అవి ఒళ్ళో అలాగే ఉండిపోయాయి. మావారు వెళ్ళి, "ఏమ్మా, తోచడం లేదా?" అని అడిగితే, "తోచకపోవడమా? ఏరు చూస్తున్నానురా, కాసేపు పలకరించకు" అన్నారు. మేం ఎవరం అటువైపు వెళ్ళలేదు. చీకటిపడి అవతలి ఒడ్డు కనపడకుండా పోయేదాకా ఆవిడ లేవలేదు. మర్నాడు ఏడింటిదాకా పడుకున్నారు. మావారికి ఊహ తెలిశాక వాళ్ళమ్మ తనకంటే ఆలస్యంగా లేవడం అదే మొదలట.

ఆ డబ్బుతో బంగారం కొనుంటే ఇదంతా ఎక్కడ దొరికేది చెప్పండి?

మీరూ వెళతారా?

* నవంబరు చివర్నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా గోదారి వరదలు, అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు. అప్పుడు వెళ్ళేముందు వాతావరణం కనుక్కోండి. పులస తినాలంటే మాత్రం వరదల కాలమే. మిగతా రోజుల్లో పులస అని పెట్టేది పులస కాదు!

* రైల్లో వచ్చేవాళ్ళు పాలకొల్లులోగానీ నరసాపురంలోగానీ దిగొచ్చు. రాజమండ్రి వైపు నుంచి రావులపాలెం, రాజోలు మీదుగా రోడ్డు ఉంది. దారిలో ఆత్రేయపురం పూతరేకులు, అంబాజీపేట పొట్టిక్కలు మర్చిపోకండి.

* గది తీసుకునేముందు టిఫిను అద్దెలో కలిసిందా, పెద్దవాళ్ళకి మెట్లు లేని గది ఉందా, వేడినీళ్ళు ఏ వేళల్లో వస్తాయి అడగండి. హౌస్‌బోట్లు తిరుగుతున్నాయో లేదో ముందే ఫోన్ చేసి తెలుసుకోండి.

* పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ వేసుకుని, బెల్టులు కట్టుకున్నాకే కదలనివ్వండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి ఎన్ని కుటుంబాలు చితికిపోయాయో మనకి తెలుసు. "ఫొటోలో బాగోదు" అన్న మాట పిల్లల నోట వినిపిస్తే ఒప్పుకోవద్దు.

* అంతర్వేది సంగమం దగ్గర నీళ్ళలోకి దిగొద్దు. ఏటి లాగుడు, సముద్రపు లాగుడు రెండూ కలిసేచోటది. ఒడ్డున కూర్చుని చూడండి, చాలు. పశ్చిమ గోదావరి వైపున్న వాళ్ళకి మొగల్తూరు మండలంలో పేరుపాలెం బీచ్ దగ్గర. అక్కడా మోకాలి లోతు దాటొద్దు.

* గది శుభ్రం చేసేవాళ్ళకి ఇవ్వాలనుకున్నది వాళ్ళ చేతికే ఇవ్వండి.

హోటల్ ఖర్చు భరించలేం అంటారా? ప్రతివాళ్ళూ భరించగలరని నేనూ అనను. మా ఇంట్లో ఇప్పుడు నెలకో ఆదివారం వంటింటికి సెలవిచ్చాం. ఆ రోజు మావారు, మా అబ్బాయి ఏం చేస్తే అది తింటాం. కిందటి నెల పప్పులో ఉప్పు మర్చిపోయారు. అత్తయ్యగారు ఉప్పు డబ్బా కోసం లేవబోతే మా అమ్మాయి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేసింది. ఉప్పు వాళ్ళే తెచ్చి పెట్టారు. ఈ సెలవుకి రైలు టిక్కెట్టు అక్కర్లేదు, చీటీ పాడక్కర్లేదు. 'ఊరికే' అన్న మాట ఇంట్లో ఒక్కసారి గట్టిగా అనగలిగితే చాలు.